నమూనా రైలు ప్లాస్టిక్ వ్యాగన్‌కు ప్రైమర్ పట్టాలంటే

మా బిట్రగుంట వైపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. ముసురు పట్టిన రోజున లాకర్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొడితే పాలు కలిపినట్టు తెల్లగా మసకబారుతుంది. ఎండ కాసి గాలి పొడిగా ఉన్న పూటే ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పరికరం) పట్టుకోండి, మాస్కు కట్టుకుని.

అంతకన్నా ముఖ్యం కడగడం. 1:87 (అసలు దానిలో 87వ వంతు) నమూనా రైలు పెట్టెలపై అచ్చు నుంచి అంటిన జిడ్డు ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో ముంచి, మెత్తని పళ్ల బ్రష్‌తో రివెట్ల సందుల్లో రుద్ది, రాత్రంతా ఆరనివ్వండి. ఆపైన వేళ్లు తగలనివ్వకండి.

15–20 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనంతో, అర జానెడు దూరం నుంచి, మంచు కురిసినట్టు రెండు మూడు పలుచని పూతలు చాలు. తుంపర వ్యాగన్ అంచుకు బయటే మొదలై బయటే ఆగాలి. ఒకేసారి దట్టంగా కొడితే ఆ చిన్న రివెట్లన్నీ పూడిపోతాయి; చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.