సిమ్యులేషన్లో కణాల కాంటాక్టులు పోల్చే ముందు చూసుకోవాల్సినవి

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మక్కల కుప్ప అడుగు నుంచి గుప్పెడు గింజలు లాగి చూడండి. పైనుంచి కొన్ని జారుతాయి, కుప్ప ఆకారం దాదాపు అలాగే ఉంటుంది. లోపల మాత్రం ఏ గింజ దేనికి ఆనుకుని ఉందో ఆ లెక్క మారిపోతుంది. రెండు గింజలు ఇలా ఆనుకోవడమే కాంటాక్టు. ఇసుకకైనా, గింజలకైనా డీఈఎం (డిస్క్రీట్ ఎలిమెంట్ మెథడ్) సిమ్యులేషన్ చేసేవాళ్లు వెతికేది ఈ మార్పునే. ప్రతి కణాన్నీ విడిగా లెక్కించే ఈ పద్ధతి మీద కండల్, స్ట్రాక్ రాసిన ప్రసిద్ధ పేపర్ 1979లో వచ్చింది.

రామప్ప గుడి పునాదిలో ఉన్నట్టు ఇసుక పొరను మోడల్ చేసి, దాన్ని కుదిపి చూస్తున్నారనుకుందాం. కుదుపుకు ముందు ఒక స్థితి, తర్వాత ఒక స్థితి సేవ్ చేసి, ఏ జంటలు విడిపోయాయి, ఏవి కొత్తగా తగులుకున్నాయి అని చూస్తారు. ఆ పోలిక మొదలుపెట్టే ముందు ఒక పని తప్పనిసరిగా చేయండి. మొదటి స్థితిని సేవ్ చేసి, మళ్లీ లోడ్ చేసి, ఒక్క స్టెప్పు కూడా నడపకుండా దాన్ని దానితోనే పోల్చండి. తేడా సున్నా రావాలి. రాకపోతే తప్పు ఇసుకలో లేదు, ఫైల్లోనో మీ స్క్రిప్టులోనో ఉంది.

నా మొదటి పోలికలో సగానికి పైగా కాంటాక్టులు తెగిపోయినట్టు చూపించింది. రెండు రోజులు అదే నిజమని నమ్మాను. చివరికి చూస్తే ఒక ఫైల్లో కణాల నంబర్లతో 12-47 అని ఉన్న జంట రెండో ఫైల్లో 47-12 అని ఉంది. అప్పటి నుంచి ప్రతి జంటలో చిన్న నంబరును ముందు పెట్టాకే పోలుస్తున్నాను. లాంప్స్ (LAMMPS) సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అది కణాల వివరాలు రాసే డంప్ ఫైల్లో కణాల వరుస ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఐడీ ప్రకారం సార్ట్ చేయమని చెప్పాలి, లేదా మీరే ఐడీతో జత కలుపుకోవాలి. యేడ్ (YADE) అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు నిజంగా తగులుకున్న జంటలనే తీసుకోండి. కణాల చుట్టూ గీసిన ఊహా పెట్టెలు మాత్రమే ఒకదానిమీద ఒకటి పడ్డ జంటలు కూడా అది ఇచ్చే జంటల జాబితాలో ఉండొచ్చు.

దశాంశాల దగ్గర తొందరపడొద్దు. 0.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న రెండు రేణువుల కేంద్రాల మధ్య దూరం 0.9998 మిల్లీమీటర్లు అనుకోండి. అవి ఒకదాన్నొకటి నొక్కుతున్నాయి. స్థానాలను మూడు దశాంశాలకే రాస్తే ఆ దూరం 1.000 అయిపోవచ్చు, కాంటాక్టు మాయం. బైనరీగానో, పూర్తి దశాంశాలతోనో సేవ్ చేయండి.

ఇప్పుడు ఎండాకాలం సంగతి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం లేచిందంటే కరెంటు పోతుంది. రోజుల తరబడి నడిచే రన్ మధ్యలో ఆగితే టెన్షన్ పడి, దొరికిన ఫైల్ నుంచి మళ్లీ మొదలుపెడతాం. అందులో స్థానాలు, వేగాలు మాత్రమే ఉంటే, ప్రతి కాంటాక్టు దగ్గర అప్పటిదాకా పేరుకున్న రాపిడి బలం సున్నా నుంచి మొదలవుతుంది. కుప్ప కొంచెం కుంగుతుంది, కాంటాక్టులు మారతాయి. ఆ మార్పును మీరు కుదుపు ఖాతాలో రాసేస్తారు. అందుకే కాంటాక్టు చరిత్రతో సహా రీస్టార్ట్ ఫైల్ రాయించండి. ముందు వేరే పేరుతో రాసి, రాయడం పూర్తయ్యాకే అసలు పేరు పెట్టేలా చూడండి. అలా అయితే సగంలో తెగిన ఫైల్ పాత మంచి ఫైల్‌ని చెరపదు. యూపీఎస్ ఉన్నా ఇది మానొద్దు.

రెండు స్థితులూ కుదురుకున్నాక సేవ్ చేసినవేనా అన్నది కూడా చూడాలి. సమతౌల్యం కాని బలం (కణాల మీద ఇంకా సరితూగకుండా మిగిలిన బలం) ఒక స్థితిలో తక్కువ, ఇంకో దానిలో ఎక్కువ ఉంటే పోలికకు అర్థం లేదు. దాని పరిమితి ఒకటి ముందే పెట్టుకుని, రెండింటికీ అదే వాడండి.

లెక్క చెప్పేటప్పుడు కణానికి సగటున ఎన్ని కాంటాక్టులు అన్నదొక్కటే చెప్పకండి. 500 తెగి, 500 కొత్తవి ఏర్పడితే సగటు కదలదు. నిలిచినవి, తెగినవి, కొత్తవి అని మూడూ విడిగా రాయండి. దేన్నీ మోయకుండా ఖాళీలో దొర్లే రేణువులను కూడా వేరు చేయండి, చిన్న కదలికకే వాటి జంటలు మారుతుంటాయి. మధ్యలో విడిపోయి మళ్లీ కలిసిన జంట ఈ పోలికలో నిలిచినదానిలాగే కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే కుదుపు జరుగుతున్నంతసేపు మధ్య మధ్యలో కూడా సేవ్ చేయాలి, డిస్కులో చోటు ఉందో లేదో రన్ మొదలుపెట్టకముందే చూసుకోండి.