మామిడి తోపులో ఇద్దరు: మూడు చాక్‌లతో రొకోకో తరహా బొమ్మ

పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో నడిచిన సుతిమెత్తటి చిత్రకళా శైలి రొకోకో. ఆ తరహా చిత్రకారులు వాటో, బూషే, ఫ్రాగొనార్ చెట్ల మధ్య మనుషుల్ని గీసిన చాక్ బొమ్మలు చూపిస్తే మా డ్రాయింగ్ క్లాసు పిల్లలు అడిగే మొదటి మాట, "సార్, ఇంత అడవి మనకెక్కడిది?" అని. అడవి అక్కర్లేదు, ఉలవపాడు మామిడి తోపు చాలు. సముద్రం వైపు సర్వి తోపులున్నాయి గానీ, మానులన్నీ నిలువుగా ఉండి మనుషులకు చాటు ఉండదు. మామిడి కొమ్మలు కిందికి వాలి ఇద్దరికి గది కట్టినట్టు ఉంటాయి. కాయల కాలంలో మాత్రం వెళ్లకండి, కాపలా ఆయనతో తంటా.

కాగితం తెల్లది వద్దు. పుస్తకాలకు అట్టలేసే ఖాకీ పేపరు తీసుకుని గరుకు వైపు తిప్పండి. నున్నటి వైపు చాక్ పట్టదు. ఆ ఖాకీ రంగే మధ్య ఛాయ. నీడలకు నలుపు, ఒంటికి ఎరుపు, వెలుగుకు తెలుపు. ఈ మూడు చాక్‌ల పద్ధతి వాటో (1684–1721)కి కొట్టిన పిండి. అప్పట్లో ఎర్ర చాక్ అంటే ఇనుము కలిసిన మట్టిరాయి, మన జేగురు జాతిదే. ఇప్పుడు ఆర్ట్ షాపులో సాంగ్విన్ పెన్సిల్ అని అడగండి. తెలుపుకి బ్లాక్‌బోర్డు సుద్దముక్క పనికిరాదు, పొడి రాలిపోతుంది. తెల్ల పాస్టెల్ పెన్సిల్ కొనండి.

మనుషుల్ని ఇంట్లోనే గీసుకోండి. వాటో తన స్కెచ్‌లను పుస్తకాలుగా కట్టించుకుని, కావలసినప్పుడు అందులోంచి మనుషుల్ని ఏరి పెయింటింగుల్లో పెట్టేవాడు. నేను మా చెల్లెలి కూతుర్నీ కొత్త అల్లుణ్ణీ అరుగు మీద కూర్చోబెట్టాను. "ఇంకెంతసేపు మామా?" అని ఆ పిల్ల విసుక్కుంటుంటే, అల్లుడు ఏదో చెప్పబోయి కొంచెం వంగాడు. నాకు కావాల్సింది ఆ వంగడమే. ఆమెను వెనకనుంచి గీశాను, వాటోకి కూడా అలా గీయడం ఇష్టం. మొహం మనకు కనిపించకపోతేనే వాళ్ల మాట వాళ్లిద్దరి మధ్యే ఉంటుంది. చెవి కింద మెడ మొదలయ్యే చోట ఎరుపు కాస్త ఒత్తండి, భుజం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తేలిక చేసి గీత మాయం చేయండి. జడకు నలుపు. చీర మడతలు నాలుగైదు చాలు, అవి కూడా విరిగి విరిగి రావాలి. వేలితో రుద్దారంటే బొమ్మ పోయినట్టే.

ఇక చెట్లు. ఫ్రాగొనార్ 1760లో రోమ్ దగ్గర టివోలీలో విల్లా ద'ఎస్తే తోటను ఎర్ర చాక్‌తో గీశాడు. ఆకు ఆకూ లెక్కపెట్టలేదు; చాక్ ఎత్తకుండా మెలికలు తిప్పుతూ గుత్తులు గుత్తులుగా పోయాడు. మీరూ అలాగే, మణికట్టు వదులుగా పెట్టి గుత్తి వాలిన వైపుకే మెలికలు తిప్పండి. మధ్యలో ఖాళీలు వదలండి, ఎండ దిగేది వాటిలోంచే. ఆయన తోటలో చెట్లు కొండంత, మనుషులు ఇంతింత. మన బొమ్మలో మాత్రం మనుషులు కాగితంలో మూడో వంతు ఎత్తైనా ఉండాలి, లేకపోతే దగ్గరితనం రాదు. అన్నిటికంటే ముదురు నలుపు ఆమె భుజం వెనకే పడాలి. మానుకు ఒక్క పక్కనే గీత.

తెలుపు పెట్టేముందు సరదా ఉంటే ఒక పని చేయండి. కొంచెం చెమ్మ చేసిన పల్చటి కాగితం బొమ్మ మీద బోర్లించి చపాతీ కర్రతో నొక్కితే, కుడి ఎడమలు తారుమారైన లేత కాపీ వస్తుంది. ఫ్రాగొనార్ కాలంలో ఇలాంటి కాపీలు ప్రెస్సులో తీసేవాళ్లు.

తర్వాత చాక్ రాలకుండా పట్టి ఉంచే ఫిక్సెటివ్ స్ప్రే, దూరం నుంచి పల్చగా. ఆరాకే తెలుపు, ఎందుకంటే స్ప్రే పడితే తెలుపు సగం మాయమవుతుంది. భుజం మీద ఒకటి, అల్లుడి చొక్కా కాలర్ మీద ఒకటి, ఆకుల్లో ఎండ పడే చోట రెండు చుక్కలు. ఎరుపు మీద మాత్రం పెట్టొద్దు, రోజ్‌మిల్క్ రంగు వస్తుంది. మన ఎండలకు చెయ్యి చెమటలు పడుతుంది కాబట్టి గీస్తున్నంతసేపూ అరచేతి కింద వేరే కాగితం ఉండాలి. అయిపోయాక పైన బటర్ పేపరు కప్పి అట్టల మధ్య పెట్టుకోండి.