ఆన్‌లైన్ బ్యాకప్, ఏడో పాఠం: ఏ ఆర్కైవ్ లాగ్‌లు కలపాలి?

ఒరాకిల్ డేటాబేస్ నడుస్తుండగానే తీసిన కాపీని (ఆన్‌లైన్ బ్యాకప్) తిరిగి నిలబెట్టే పోయిన అభ్యాసంలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. రిస్టోర్ అయింది, ఉన్న ఆర్కైవ్ లాగ్‌లన్నీ (డేటాబేస్‌లో జరిగిన మార్పుల చిట్టా ఫైళ్లు) ఎక్కించారు, తీరా డేటాబేస్ తెరవడానికి ఓపెన్ రీసెట్‌లాగ్స్ అనేసరికి ఓఆర్‌ఏ-01195 ఎర్రర్: మొదటి ఫైలుకు ఇంకా రికవరీ కావాలి. బొబ్బిలి నుంచి ఒకాయన అసలు సమాచారం ఉండే డేటాఫైలే పాడైందనుకుని మళ్లీ కాపీ తీశారట. ఫైలు శుభ్రంగానే ఉంది. లేనిది ఆఖరి లాగ్. కొత్త సంగతి పక్కన పెట్టి దీన్నే తేల్చుకుందాం. నిండిన లాగ్‌లను దాచి ఉంచేలా ఒరాకిల్‌ను ఆర్కైవ్‌లాగ్ మోడ్‌లో పెట్టడం మీకు వచ్చు, దాని జోలికి పోను.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి బిల్లుల డేటాబేస్ అనుకోండి. 10:05కి కాపీ మొదలని చెప్పే బిగిన్ బ్యాకప్ ఆదేశం ఇచ్చారు, అప్పుడు నడుస్తున్న లాగ్ 412. 10:40కి ఎండ్ బ్యాకప్, అప్పటికి 415 నడుస్తోంది. 412 నుంచి 415 దాకా నాలుగూ కావాలి. కాపీ జరిగినంతసేపూ బిల్లులు పడుతూనే ఉంటాయి కనుక కాపీలో ఒక్కో బ్లాకు (డేటాఫైల్లో చిన్న ముక్క) ఒక్కో నిమిషం నాటిది. వాటన్నిటినీ ఒకే సమయానికి తెచ్చేవి ఈ లాగ్‌లే. ఎండ్ బ్యాకప్ గుర్తు 415లో ఉంటుంది, అది చదివేదాకా ఒరాకిల్ ఆ ఫైళ్లను నమ్మదు.

గడియారం చూసి లాగ్‌లు ఏరడం మాత్రం దయచేసి మానండి. 412 మొదలైంది 9:50కి. ‘10:05 తర్వాత మొదలైనవి’ అని ఏరితే అది పోతుంది, రికవరీ మొదలే కాదు. పోనీ ఆర్కైవ్ ఫోల్డర్‌లో ఫైలు టైము చూసి 10:05, 10:40 మధ్యవి తీస్తారా? 412, 413, 414 దొరుకుతాయి. 415 ఇంకా ఆన్‌లైన్ రీడో లాగ్‌లోనే (ఒరాకిల్ ఇప్పుడు రాస్తున్న లాగ్) ఉంది, ఫోల్డర్‌లోకి రానేలేదు. ఎలా ఏరినా ఒక కొస తెగుతుంది. బిగిన్‌కు ముందు ఒకసారి, ఎండ్ అయ్యాక ఒకసారి లాగ్‌ల స్థితి చూపే వి-డాలర్-లాగ్‌లో కరెంట్ అని ఉన్న సీక్వెన్స్ నంబరు కాగితం మీద రాసుకోండి. చాలు.

ఎండ్ అయ్యాక, నడుస్తున్న లాగ్ కూడా ఆర్కైవ్ అయ్యేలా ‘ఆల్టర్ సిస్టమ్ ఆర్కైవ్ లాగ్ కరెంట్’ ఇవ్వండి. ‘స్విచ్ లాగ్‌ఫైల్’ వద్దు, అది ఆర్కైవ్ పూర్తయ్యేదాకా ఆగదు. స్క్రిప్టులో తర్వాతి లైను కాపీ అయితే సగం రాసిన 415ను పట్టుకుపోతారు.

పొద్దున 8కి మొదలై ఇంకా కమిట్ (ఖరారు) కాని లావాదేవీ ఉంటే 8 గంటల నాటి లాగ్‌లూ కావాలా అని రాజాం నుంచి ప్రశ్న. అక్కర్లేదు. దాన్ని వెనక్కి తిప్పే అన్‌డూ సమాచారం డేటాఫైళ్లలోనే ఉంది, వాటితోపాటే కాపీ అయింది.

ఒరాకిల్ వారి బ్యాకప్ సాధనం ఆర్‌మ్యాన్‌లో ‘ప్లస్ ఆర్కైవ్‌లాగ్’ అంటే ముందూ వెనకా కరెంట్ లాగ్‌ను అదే ఆర్కైవ్ చేస్తుంది. కానీ డిస్కు మీదున్న పాత లాగ్‌లన్నీ కూడా మోసుకొస్తుంది.

లాగ్‌లు బ్యాకప్ ఫోల్డర్‌లోనే ఉండాలన్నది నా పట్టుదల. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజున విజయనగరానికి పంపిన కాపీ ఒక్కటే చేతికి రావచ్చు.

అభ్యాసం: ఇన్‌సర్ట్‌లు నడుస్తుండగా బ్యాకప్ తీసి, ఆ ఫోల్డర్ ఒక్కటే వేరే మెషీన్‌కు మార్చండి. ఆఖరి లాగ్ దాచిపెట్టి రికవరీ చేసి, 01195 కళ్లారా చూడండి. తర్వాత ఆ లాగ్ ఇచ్చి ఓపెన్ చేయండి. మళ్లీ మొదటి నుంచి రిస్టోర్ చేసి, ఈసారి మొదటి లాగ్ దాచండి. ఒరాకిల్ ఏ నంబరు అడిగిందో, మీరు కాగితం మీద రాసుకున్నది అదేనో కాదో నాకు రాయండి.