డిజిటల్ మిక్సర్ కొనే ముందు: వేదిక మీద వచ్చే సమస్యలు, పరిష్కారాలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చేవారు డిజిటల్ మిక్సర్ (మైకులు, వాద్యాల ధ్వనులను కలిపి స్పీకర్లకు పంపే పరికరం) కొనేటప్పుడు ముందుగా ఎన్ని ఛానెళ్లని, అంటే ఎన్ని మైకులు, వాద్యాలు కలపవచ్చని, అడుగుతారు. కార్యక్రమం మధ్యలో పరువు తీసేది మాత్రం చాలాసార్లు వేరొకటి. ఇప్పుడున్న మిక్సర్‌తో పడుతున్న ఇబ్బందుల్లో ఏవి అమరిక మారిస్తే పోతాయో, ఏవి మిక్సర్ మారిస్తే తప్ప పోవో తేల్చుకున్నాకే డబ్బు పెట్టడం మంచిది.

సమస్య: ఛానెళ్లు మిగిలి ఉన్నా అడిగిన మానిటర్ ఇవ్వలేకపోవడం

అన్నమయ్య సంకీర్తనల కచేరీలో గాయనికి తన మానిటర్‌లో, అంటే వేదిక మీద తనకు వినిపించే స్పీకర్‌లో, శ్రుతి, వయొలిన్ బాగా వినపడాలి. మృదంగం వాయించేవారికి గాత్రం ఉంటే చాలు. ఇలా ఎవరికి వారికి వేరుగా పంపాలంటే ఒక్కొక్కరికి ఒక బస్ (కలిపిన ధ్వనిని బయటకు పంపే దారి) కావాలి, కాబట్టి ఇక్కడ కొరత ఛానెళ్లది కాదు, బస్‌లది. ఉదాహరణకు బెరింగర్ ఎక్స్32లో 16 మిక్స్ బస్‌లున్నా, వాటిలో నాలుగింటిని ఎఫెక్ట్‌లకు కేటాయిస్తే మిగిలేవి 12. స్టీరియో ఇన్-ఇయర్‌కు (రెండు చెవులకు వేర్వేరు ధ్వని ఇచ్చే, చెవిలో పెట్టుకునే మానిటర్) రెండేసి బస్‌లు పోతాయి కనుక ఆరుగురితోనే అవి అయిపోతాయి. తాత్కాలికంగా ఇన్-ఇయర్లను మోనోకు (రెండు చెవులకూ ఒకే ధ్వని) మార్చి, రివర్బ్‌ను (ప్రతిధ్వనిలాంటి ఎఫెక్ట్) ఒకటికి తగ్గించి, దాదాపు ఒకే మిక్స్ కోరేవారిని ఒకే బస్‌లో కలపవచ్చు. నెలకు రెండుమూడు సార్లు ఇదే అవస్థ ఎదురైతే మాత్రం బస్‌లు ఎక్కువున్న మిక్సర్ తీసుకోవాల్సిందే. అప్పుడు కూడా ఒక మెలిక గమనించాలి: అలెన్ అండ్ హీత్ ఎస్‌క్యూ-5లో 48 ఇన్‌పుట్ ఛానెళ్లున్నా, వెనుక స్టేజి మైకులకు ఉన్న సాకెట్లు 16 మాత్రమే. మిగతా మైకులకు స్టేజి బాక్స్ (వేదిక మీద మైకులు గుచ్చి, ఒకే కేబుల్‌తో మిక్సర్‌కు కలిపే పెట్టె) కొనాలి కాబట్టి ఆ ధరనూ కలిపి లెక్క వేసుకోవాలి.

సమస్య: స్టేజి బాక్స్ నుంచి ధ్వని తెగి తెగి రావడం, టిక్ టిక్ శబ్దాలు

టిక్ టిక్ శబ్దం క్రమంగా, ఆగకుండా వస్తుంటే ముందుగా క్లాక్‌ను (డిజిటల్ పరికరాలు ఒకే వేగంతో నడిచేలా చూసే లోపలి గడియారం) అనుమానించాలి. ప్రత్యక్ష ప్రసారం వారి డిజిటల్ మిక్సర్‌ను మన మిక్సర్‌కు డిజిటల్ కేబుల్‌తోనే కలిపినప్పుడు, రెండూ తమ సొంత క్లాక్ మీద నడిస్తే ఇలా జరుగుతుంది. ఒకదాన్నే ఆధారంగా ఉంచి, మిగతా పరికరాలన్నీ దాన్ని అనుసరించేలా అమర్చాలి.

ధ్వని పూర్తిగా తెగిపోతుంటే లోపం దాదాపు ఎప్పుడూ కేబుల్‌లోనే ఉంటుంది. చిత్తూరు చుట్టుపక్కల ఊళ్లలో భారతం (మహాభారత ఉత్సవం) జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం సాగుతుంటే, నేల మీద పరిచిన కేబుల్‌ను జనం తొక్కుతూనే ఉంటారు. కంప్యూటర్ దుకాణంలో దొరికే మామూలు నెట్‌వర్క్ కేబుల్ దీనికి ఆగదు. ఏఈఎస్50కి (ఎక్స్32ను స్టేజి బాక్స్‌తో కలిపే డిజిటల్ లింక్) షీల్డ్ ఉన్న క్యాట్ 5ఈ కేబుల్, లోహపు తొడుగున్న కనెక్టర్లు వాడాలి. మొత్తం పొడవు 80 మీటర్లు దాటకూడదు, మధ్యలో అతుకులుండకూడదు. పక్కనే రెండో కేబుల్ కూడా పరిచి ఉంచితే నిమిషంలో మార్చుకోవచ్చు.

సమస్య: జనరేటర్‌కు మారగానే అంతా మూగబోవడం

అనలాగ్ మిక్సర్ కరెంటు రాగానే పలుకుతుంది. డిజిటల్ మిక్సర్ మొదటి నుంచి బూట్ కావాలి. అందుకే యూపీఎస్ తప్పనిసరి. మిక్సర్‌కు యూపీఎస్ పెట్టి స్టేజి బాక్స్‌ను మరచిపోవడం మాలాంటి అనుభవజ్ఞులు కూడా చేసిన తప్పే.

సమస్య: ట్యాబ్లెట్ పట్టు తప్పడం

బెరింగర్ ఎక్స్‌ఆర్18 వంటి, ఫేడర్లు (ధ్వని పెంచి తగ్గించే మీటలు) లేక ట్యాబ్లెట్‌తో నడిపే మిక్సర్లలోని సొంత వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది కాబట్టి, వందల ఫోన్లుండే కల్యాణ మండపంలో అది నిలవదు. 5 గిగాహెర్ట్జ్ రౌటర్‌ను తలల కంటే ఎత్తులో పెట్టి, తీగతో కలిపిన ల్యాప్‌టాప్‌ను కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

సమస్య: బయటి ఇంజనీర్ మన మిక్సర్ వద్దనడం

చెన్నై నుంచి వచ్చే ఇంజనీర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చే షో ఫైల్ (మిక్సర్ అమరికలన్నీ భద్రపరిచిన ఫైల్) సాధారణంగా వేరే కంపెనీ మిక్సర్‌లో తెరుచుకోదు. అడ్వాన్సు తీసుకునే రోజే వారి మోడల్ అడిగి తెలుసుకోవాలి. కొనే విషయంలో నా మొగ్గు మాత్రం, మన మిక్సర్ చెడిపోతే ఆ రాత్రికే తిరుపతిలోని తోటి వ్యాపారి దగ్గర అద్దెకు దొరికే మోడల్ వైపే.