మిరుగు వానకు ముందు మన ఆడరైతులు చూసుకోవాల్సినవి

మిరుగు, అంటే మృగశిర కార్తె, ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. వాన మాత్రం ఆ లెక్కన రావడం లేదు. వరంగల్, జనగామ, ములుగు వైపు ఒక వాన గట్టిగా కొట్టగానే పత్తి గింజ పెట్టేస్తారు. ఆ తర్వాత రెండు మూడు వారాలు చినుకు లేకపోతే మొలక మాడిపోతుంది. మళ్లీ ప్యాకెట్లు కొనాలి, మళ్లీ కైకిలి ఇవ్వాలి. నడుము వంచి రెండోసారి గింజ పెట్టేది కూడా ఆడవాళ్లే. కాబట్టి ఎప్పుడు పెట్టాలో తేల్చేటప్పుడు వాళ్ల మాట ముందుండాలి.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త, ఆగడం. నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్లు, చెలకల్లో (తేలిక నేలల్లో) 50 నుంచి 60 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి పెట్టాలి. దీన్ని ఇంట్లోనే కొలవొచ్చు. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న స్టీలు డబ్బాను చెట్టు, చూరు అడ్డం లేని చోట ఇటుకల మధ్య కదలకుండా పెట్టండి. పొద్దున్నే పిల్లల స్కేలు నిలువుగా దించి చూడండి. సెంటీమీటరు నీళ్లుంటే 10 మిల్లీమీటర్ల వాన పడ్డట్టు. క్యాలెండర్‌లో ఆ తేదీ మీద రాసి, డబ్బా ఖాళీ చేసి మళ్లీ పెట్టేయండి. నాలుగైదు రోజుల లెక్క కలిపి సరిపోయిందనుకున్నా, చేన్లో జానెడు లోతు తవ్వి మట్టిని గుప్పెట్లో నొక్కి చూడండి. ఉండ కట్టాలి. పైన తడి, కింద పొడి ఉంటే ఇంకో వాన పడనివ్వండి.

పక్క చేనోళ్లు పెట్టేశారని ఇంట్లో తొందర పెడతారు. టెన్షన్ పడొద్దు, జూలై 15 దాకా పత్తికి టైముంది. అది దాటితే కంది నయం. పత్తి వేసినా నాలుగైదు సాళ్లకు ఒక కంది సాలు పెట్టుకోండి. వాన ఎగ్గొట్టిన ఏడాది పత్తి దెబ్బతిన్నా కంది ఎంతో కొంత చేతికొస్తుంది.

విత్తనానికి బిల్లు తప్పకుండా తీసుకోండి. దాని మీద లాట్ నంబరు ఉందో లేదో చూసుకుని, ఖాళీ ప్యాకెట్‌తో కలిపి పంట చేతికొచ్చేదాకా దాచండి. బీటీ-3 అంటూ బిల్లు లేకుండా అమ్మే పత్తి గింజకు ప్రభుత్వ అనుమతి లేదు. మొలవకపోతే అడిగే దిక్కు కూడా ఉండదు. ఇంకో మాట. ప్యాకెట్‌లో రంగు పూసినట్టుండే గింజకు మందు పట్టించి ఉంటుంది. దాన్ని ఒడిలో పోసుకుని పెడుతూ, మధ్యాహ్నం అదే చేత్తో సద్ది తినేస్తుంటారు. ఒడికి బదులు డబ్బా పట్టుకోండి, చేతికి గ్లౌజు వేసుకోండి, తినే ముందు సబ్బుతో కడుక్కోండి.

ఎండబెట్టిన వానే ముంచేస్తుంది కూడా. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. అంత వానను ఏ చేనూ ఆపలేదు గానీ, మామూలు ముసురుకు పత్తి ఎర్రబారకుండా మనం చూసుకోవచ్చు. విత్తకముందే వాలు చూసి నీళ్లు బయటికి పోయే కాలువ తీయించండి, వీలైతే బోదెల (ఎత్తు చేసిన మట్టి కట్టల) మీద గింజ పెట్టండి. నీళ్లు నిలిచి మొక్కలు వడలితే, ముందు నీళ్లు తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్ల దగ్గర పోయాలి.

వాతావరణం కబురు ఎక్కువగా మగవాళ్ల ఫోన్‌కే వస్తుంది, చేన్లో ఉన్న మనిషికి చేరదు. మహిళా సంఘంలో ఒకరి ఫోన్‌లోనైనా వాతావరణం చెప్పే మేఘదూత్ యాప్ పెట్టుకుని, మీటింగ్‌లో ఆ వారం అంచనా అందరికీ చదివి వినిపించండి. తెగుళ్ల గురించి అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు.

పిడుగుల ముచ్చట మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. దామిని యాప్ దగ్గర్లో పిడుగులుంటే ముందే చెబుతుంది. ఉరుము వినపడగానే పని ఆపి పక్కా ఇంట్లోకి వెళ్లాలి, చెట్టు కిందికి పోవద్దు. ఇల్లు దూరమైతే గుంపుగా ఉండకుండా ఎడంగా జరిగి, పాదాలు దగ్గర పెట్టి గొంతుక్కూర్చోవాలి, నేల మీద పడుకోవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచాకే మళ్లీ చేన్లోకి దిగాలి.