నడకదారిలో కెమెరా – 3వ పాఠం: నీటి ఒడ్డున తెల్ల కొంగ

నడకకు అనువైన కిలోమీటరు దారిని ఒకదాన్ని ఎంచుకుని, వారం రోజుల పాటు కెమెరా లేకుండా నడుస్తూ, ఏ జీవి ఏ వేళకు ఎక్కడ కనిపించిందో చిన్న పుస్తకంలో రాసుకోమని గత పాఠంలో చెప్పాను. ఆ పుస్తకాన్ని ఇప్పుడు తెరిస్తే అందులో అరుదైన పక్షులేవీ ఉండకపోవచ్చు. అయితే రోజూ ఒకే కొమ్మ మీద వాలే పిట్ట, ఒకే మడుగులో నిలబడే కొంగ, ఎండెక్కాక ఒకే రెల్లు కొసకు తిరిగి తిరిగి వచ్చే తూనీగ వంటివి తప్పక కనిపిస్తాయి. ఇవాళ తప్పినా రేపు మళ్లీ అక్కడే దొరుకుతాయి కాబట్టి, నేర్చుకునేవారికి పనికివచ్చేవి ఇవే. ఈ పాఠానికి వాటిలో తెల్ల కొంగను తీసుకుంటున్నాను, ఎందుకంటే కెమెరా వెలుతురును ఎలా కొలుస్తుందో, ఆ కొలతలో ఎక్కడ పొరబడుతుందో దాన్ని ఫొటో తీసేటప్పుడు స్పష్టంగా తెలిసివస్తుంది.

నేను మొదటిసారి కొంగను ఫొటో తీసిన ఉదయం, అది నీడలో ఉన్న చెట్ల ముందు ఎండలో నిలబడి ఉంది. కెమెరాను పూర్తిగా ఆటోలో ఉంచి దాదాపు నలభై ఫొటోలు తీశాను, వెనకనున్న చిన్న తెర మీద అన్నీ ముచ్చటగానే కనిపించాయి. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూస్తే, చెట్ల ఆకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి గానీ, కొంగ ఉండవలసిన చోట తెల్ల కాగితాన్ని కత్తిరించి అతికించినట్టు ఒక ఆకారం మాత్రమే ఉంది, దాని ఒంటి మీద ఒక్క ఈక గీత కూడా లేదు. మర్నాడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా ఎంచుకున్న వెలుతురును మనం పెంచుకునే, తగ్గించుకునే అమరికను) ఒక స్టాప్ పైగా తగ్గించుకుని వెళ్లాను (ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి తగ్గడం లేదా రెట్టింపు కావడం). ఆ రోజు కొంగ మెరిసే నీటి మధ్యకు వచ్చి నిలబడింది, అందుకని ఈసారి అది బూడిదలో పొర్లినట్టు వచ్చింది. రెండు రోజులూ ఎండ ఒకటే, కొంగ ఒకటే, మారినదల్లా వెనకనున్న దృశ్యం.

దీనికి కారణం కెమెరా మీటరు పనిచేసే తీరులో ఉంది. తన ఎదుట ఉన్నది తెల్లనిదో నల్లనిదో మీటరుకు తెలియదు. ఎదుటి దృశ్యమంతా కలిపి సగటున మధ్యరకం బూడిద రంగు తేలేటట్టు వెలుతురును సరిచేయడమే దాని పని. ఫ్రేములో ఎక్కువ భాగం చీకటి చెట్లే ఉంటే వాటిని బూడిద రంగుకు తేవడానికి ఫొటో మొత్తాన్ని వెలుతురుగా చేస్తుంది, ఆ క్రమంలో కొంగ ఒంటి మీది వివరాలన్నీ తెలుపులో కలిసిపోతాయి. ఫ్రేమంతా మెరిసే నీరో, దగ్గరగా వచ్చిన కొంగ దేహమో నిండి ఉంటే ఆ తెలుపును బూడిదకు దించడానికి మొత్తాన్ని ముదురు చేస్తుంది. కొత్త కెమెరాలు పక్షిని గుర్తుపట్టి కొంతవరకు సర్దుకుంటాయి గానీ, నమ్మి వదిలేయదగినంతగా మాత్రం కాదు. కాబట్టి మొదటి సందర్భంలో కాంపెన్సేషన్‌ను తగ్గించాలి, రెండో సందర్భంలో పెంచాలి. ఈ మాట కాగితం మీద తేలికగానే ఉంటుంది, కాని కొంగ చెట్ల ముందు నుంచి నీటి మీదికి, అక్కడి నుంచి గడ్డి ముందుకు ఎగిరే మూడు సెకన్లలో మూడుసార్లు చక్రం తిప్పడం ఎవరికీ సాధ్యపడదు.

అందుకే ఎండ నిలకడగా ఉన్న రోజున అన్నీ మనమే అమర్చుకునే మాన్యువల్ విధానాన్ని వాడమని నేను గట్టిగా చెబుతాను. కొంగ ఎక్కడ నిలబడినా దాని మీద పడే ఎండ మారడం లేదు గనుక, ఆ ఎండకు సరిపోయే ఎక్స్‌పోజర్‌ను ఒకసారి కుదిర్చి పెట్టుకుంటే వెనక ఏమున్నా దానితో మనకు పని లేదు. మొదటి అంచనాకు ఫిల్ము కాలం నాటి లెక్క ఒకటి ఇప్పటికీ అక్కరకు వస్తుంది. ఎండ బాగా కాస్తున్నప్పుడు ఎఫ్/16 అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) దగ్గర, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత) అంకె ఎంతో సెకనులో అన్నో వంతును షట్టర్ వేగంగా, అంటే వెలుతురు లోపలికి వచ్చే సమయంగా, పెట్టుకోవాలి. ఐఎస్‌ఓ 400 అయితే సెకనులో 400వ వంతు అన్నమాట. ఎఫ్/16 నుంచి ఎఫ్/8కి వస్తే రెండు స్టాపుల వెలుతురు అదనంగా వస్తుంది కాబట్టి, వేగాన్ని 1600వ వంతుకు పెంచుకోవచ్చు. తెల్లని ఈకలు మామూలు వస్తువుల కన్నా ఎక్కువ వెలుతురును తిప్పికొడతాయి గనుక మరో స్టాపు దాకా తగ్గించి, ఐఎస్‌ఓ 400 దగ్గర 3200వ వంతును గాని, ఐఎస్‌ఓ 200 దగ్గర 1600వ వంతును గాని పెట్టుకుని ఒక ఫొటో తీయండి. ఉదయపు ఎండ ఏటవాలుగా, పలచగా ఉంటుంది కాబట్టి అప్పుడు ఇంతగా తగ్గించనక్కర లేదు.

తీసిన మొదటి ఫొటోను తెర మీది అందం చూసి కాక, హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి నుంచి కుడిన తెలుపు దాకా ఫొటోలో వెలుతురు పరుచుకున్న తీరును చూపే గ్రాఫు) చూసి అంచనా వేయాలి. కుడి అంచుకు దగ్గరగా వచ్చి, దాన్ని తాకకుండా ఆగిన గుట్ట మీ కొంగ. అది అంచుకు ఒత్తుకుని ఉంటే వేగాన్ని ఒక మెట్టు పెంచండి, బాగా ఎడమకు జరిగి ఉంటే తగ్గించండి. మితిమీరిన తెలుపు మిణుకుమిణుకుమనేలా చూపే హెచ్చరిక మీ కెమెరాలో ఉంటే దాన్ని శాశ్వతంగా వేసి ఉంచుకోండి. మబ్బులు వచ్చి పోతూ ఉండే రోజున మాత్రం ఈ పద్ధతి విసుగు పుట్టిస్తుంది. అప్పుడు అపర్చర్‌ను, వేగాన్ని మీరు నిర్ణయించుకుని ఐఎస్‌ఓను కెమెరాకు వదిలేసి, కాంపెన్సేషన్‌తో సరిదిద్దుకోవడం మేలు.

వేగం గురించి ఇంకొక్క మాట. 300 మి.మీ. లెన్సును చేత్తో పట్టుకుని తీసేటప్పుడు సెకనులో 300వ వంతు కన్నా తక్కువ వేగం పనికిరాదన్నది పాత నియమం. సెన్సర్ (లెన్సు వెనక వెలుతురును పట్టే పలక) చిన్నదై, దృశ్యం ఒకటిన్నర రెట్లు దగ్గరగా కనిపించే కెమెరాలో ఆ వేగం 450వ వంతు అవుతుంది, కాబట్టి 500వ వంతు అనుకోండి. అది మన చేతి వణుకుకు విరుగుడు మాత్రమే, పక్షి కదలికకు కాదు. కదలకుండా నిలబడ్డ కొంగకు అంత చాలు గాని, మెడ చాచి చేపను పొడిచే క్షణానికైనా, ఎగిరే రెక్కలకైనా 1600వ వంతు నుంచి 2000వ వంతు దాకా కావాలి. కదలికకు తగ్గట్టు ఫోకస్ వెంటాడే విధానాన్ని ముందే పెట్టి ఉంచుకోండి.

ఇక కొంగను చేరుకోవడం. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగానే ఎగురుతాయి, గాలికి ఎదురుగానే వాలుతాయి. కాబట్టి గాలి మీ వీపును తాకే వైపున కూర్చుంటే, అది ఎగిరినా వాలినా ముఖం మీ వైపే ఉంటుంది. ఉదయం పూట సూర్యుడు కూడా మీ వెనకే ఉన్నాడంటే అంతకు మించిన చోటు వెతకనక్కర లేదు. కూర్చుంటే అని ఊరికే అనలేదు. నిలబడి తీసిన ఫొటోలో కొంగ వెనక బురదే కనిపిస్తుంది, కెమెరాను దాని కంటి ఎత్తుకు దించితే దూరపు ఒడ్డు మెత్తగా కరిగి వెనక పరుచుకుంటుంది. బట్టలకు మట్టి అంటుతుంది, అది తప్పదు.

తిన్నగా దాని వైపు నడవకుండా, చూపు పక్కకు తిప్పుకుని ఏటవాలుగా నాలుగడుగులు వేసి ఆగండి. అది మళ్లీ మేతలో పడ్డాక మరో నాలుగడుగులు వేయండి. మేసేది చిన్న తెల్ల కొంగ అయితే దాని కాళ్లను గమనించండి. నల్లని కాళ్ల చివర పసుపు రంగు పాదాలు ఉంటాయి. ఒక పాదాన్ని నీటిలో వణికిస్తూ, అడుగున దాగిన చేపపిల్లలను బెదరగొట్టి బయటికి రప్పిస్తుంది. పాదం వణకడం ఆగి, మెడ కొద్దిగా వెనక్కి ముడుచుకుందంటే మరుక్షణం పొడుస్తుంది. మీరు నొక్కవలసింది అప్పుడే, ముక్కు నీటిని తాకాక కాదు. మేత మానేసి, మెడ నిటారుగా ఎత్తి, గాలికి అభిముఖంగా తిరిగి, ఒళ్లు కాస్త కుంగదీసి రెట్ట వేసిందంటే ఎగరబోతున్నదన్నమాట. మీ అడుగుల వల్లే మెడ ఎత్తినట్టు అనిపిస్తే మాత్రం అక్కడే ఆగి, అవసరమైతే రెండడుగులు వెనక్కి వేయండి. గూళ్లు కనిపిస్తే వాటి దరిదాపులకు పోవద్దు. అడ్డొచ్చిన ఆకును తుంచడమంటే పిల్లల మీది నీడను తీసేయడమే, శత్రువుల కంట పడేటట్టు చేయడమే.

ఫోనుతో నడిచేవారు కొంగ దగ్గర నిరాశపడతారు, అది సహజం. వారు తూనీగను వెతుక్కోవచ్చు. దాని కంటిలో 30,000 దాకా చిన్న కటకాలుంటాయి, అన్ని వైపులా చూస్తుంది గనుక చాటుగా వెళ్లడం వృథా. అది లేచిపోయాక ఆ కొస దగ్గరే కదలకుండా కూర్చుంటే చాలాసార్లు తిరిగి అక్కడికే వస్తుంది. అంత దగ్గరగా తీసేటప్పుడు స్పష్టంగా వచ్చే లోతు కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి, ఫోనునైనా కెమెరానైనా తూనీగ దేహానికి సమాంతరంగా పట్టుకోవాలి. మిట్టమధ్యాహ్నం అది తోకను సూర్యుడి వైపు నిటారుగా ఎత్తి నిలిస్తే, ఒంటి మీద ఎండ తక్కువ పడేందుకు అలా చేస్తోందని గుర్తించండి. ఆ భంగిమ మంచి ఫొటో అవుతుంది.

ఈ వారపు అభ్యాసం ఇది. ఒకే ఎండలో, ఒకే సెట్టింగుతో, తెల్లని పక్షిని మూడు వేర్వేరు నేపథ్యాల ముందు తీయండి. పక్షి దొరకకపోతే నలిపిన తెల్ల కాగితాన్ని పొద మీద, నీటి అంచున, ఎండిన గడ్డిలో ఉంచి తీసినా సరిపోతుంది. తరువాత అవే మూడింటినీ ఆటోలో తీసి, కాగితం ముడతలు ఎందులో మిగిలాయో పక్కపక్కన పెట్టి చూసుకోండి. వచ్చే పాఠంలో కాకిని తీసుకుందాం. నల్లని ఈకల్లో వివరం రాబట్టడానికి ఇదే లెక్కను తిరగేయాలి, పైగా కాకి మనల్ని గుర్తుపెట్టుకుంటుంది.