స్నోలో ఎస్‌యూవీని ఆపడం ఎలా: మిషిగన్‌లో ఇది మొదటి చలికాలమైతే

డిసెంబర్ వచ్చిందంటే చుట్టాల్లోనో తెలిసినవాళ్లలోనో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. డల్లాస్ నుంచో ఫీనిక్స్ నుంచో మిషిగన్‌లోని నోవై, కాంటన్ వైపు కొత్తగా వచ్చినవాళ్లు. "అక్కా, ఏడబ్ల్యూడీ (ఆల్ వీల్ డ్రైవ్) బండే తీసుకున్నాం. ఇంక స్నో టెన్షన్ లేనట్టే కదా?" అంటారు. కదలడానికి టెన్షన్ లేదు, ఆగడానికి ఉంది అని చెప్తాను. అవతలివైపు కాసేపు మాట ఉండదు. మరి బండికి అంత డబ్బు పోశారు కదా.

నా ఉద్యోగం బ్రేకులతోనే. చలికాలంలో మిషిగన్ ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులాలో, సూ సెయింట్ మేరీ వైపు ఉన్న మంచు ట్రాకుల మీదికి బళ్లు తీసుకెళ్లి, ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఎలా పనిచేస్తోందో చూసి సరిచేయడం మా టీమ్ పని. అక్కడ రోజంతా చేసేది బ్రేకు తొక్కడమే. అందుకని ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఆగడం గురించే.

ఏడబ్ల్యూడీ ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకీ పంచుతుంది. అందుకే డ్రైవ్‌వేలో పక్కింటివాళ్ల చిన్న కారు గిరగిరా తిరుగుతుంటే మీ బండి హాయిగా బయటికొస్తుంది. కానీ బ్రేకులు వాళ్ల కారుకీ నాలుగు చక్రాలకే ఉన్నాయి, మీ బండికీ నాలుగు చక్రాలకే ఉన్నాయి. ఆ విషయంలో మీకు అదనంగా వచ్చిందేమీ లేదు. పైగా ఇంకో చిక్కుంది. మామూలు కారులో సిగ్నల్ దగ్గర గ్యాస్ (యాక్సిలరేటర్) నొక్కగానే చక్రం జారి, రోడ్డు బాగాలేదని ముందే చెప్పేస్తుంది. ఏడబ్ల్యూడీలో ఆ సంకేతం అందదు. బండి సాఫీగా వేగం అందుకుంటుంది. రోడ్డు జారుతోందన్న సంగతి మొదటిసారి బ్రేకు తొక్కినప్పుడు తెలుస్తుంది. అప్పటికి బండి 45 మైళ్ల మీద ఉంటుంది.

"బండి బరువు కదా, రోడ్డుకి అతుక్కుని ఉంటుంది" అన్న మాట కూడా తరచూ వింటాను. బరువు పెరిగితే టైరుకి పట్టు పెరిగే మాట నిజమే. ఆపాల్సిన బరువు కూడా అంతే పెరుగుతుంది. అక్కడికక్కడికి చెల్లు. ఎత్తు మాత్రం నష్టమే: బ్రేకు వేయగానే బరువంతా ముందుకి ఒరిగి వెనక చక్రాలు తేలికవుతాయి.

లెక్క చూస్తే విషయం బాగా తెలుస్తుంది. 30 మైళ్ల వేగంలో, పొడి రోడ్డు మీద, గట్టిగా బ్రేకు తొక్కితే బండి 40 అడుగుల లోపే ఆగుతుంది. అణిగిపోయిన స్నో మీద దాదాపు 120 అడుగులు కావాలి. ఐస్ మీద 300 అడుగులు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ. మీ కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు బండి దొర్లిన దూరం ఇందులో లేదు. ఇందులోనే ఒక మంచి సంగతి కూడా ఉంది. వేగం 30 నుంచి 20కి తగ్గిస్తే స్నో మీద ఆ 120 అడుగులు 55కి పడిపోతాయి. బండిలో ఉన్న ఏ బటన్ నొక్కినా ఇంత లాభం రాదు.

టైర్లు

చక్రాన్ని ఆపడం వరకే బ్రేకు పని. బండిని ఆపాల్సింది టైరు. కాబట్టి బండి కొనేటప్పుడు సన్‌రూఫ్ మీద పెట్టిన శ్రద్ధ టైర్ల మీద పెట్టండి.

షోరూమ్ నుంచి వచ్చే ఎస్‌యూవీల్లో చాలావాటికి ఆల్‌సీజన్ టైర్లే ఉంటాయి. చలి 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగాక ఆ రబ్బరు, డబ్బాలో పేరుకున్న కొబ్బరినూనెలా బిగుసుకుపోవడం మొదలవుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. ట్రెడ్ (రోడ్డుకి తగిలే గాడుల భాగం) నిండా సన్నటి కోతలుంటాయి, దగ్గరికెళ్లి చూస్తే బ్లేడుతో గీసినట్టు కనిపిస్తాయి. అవి స్నోని పట్టి ఉంచుతాయి. స్నోకి స్నో బాగా అతుక్కుంటుంది కాబట్టి, గాడుల్లో స్నో నిండిన టైరుకి రోడ్డు మీది స్నో మీద పట్టు దొరుకుతుంది.

టైరు పక్కగోడ మీద ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో) అని ఉంటే స్నోకి పనికొస్తుందని మోసపోకండి. అది ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసే ముద్ర, దాని కోసం స్నోలో పరీక్ష అక్కర్లేదు. వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు ఉన్న బొమ్మ. ఇది పరీక్ష పెట్టి ఇచ్చేది. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ బొమ్మ కోసం అమెరికాలో చేసే పరీక్ష, స్నోలో టైరు బండిని ఎంత బాగా లాగుతుందో చూస్తుంది. ఎంత దూరంలో ఆపుతుందో చూడదు, ఐస్ మీద అసలు పెట్టరు. ఆల్‌వెదర్ పేరుతో అమ్మే టైర్లకీ ఈ బొమ్మ ఉంటుంది. అవి ఆల్‌సీజన్ కన్నా మెరుగే. కానీ ఐస్ మీద ఆగడానికి అసలైన వింటర్ టైర్లకి సాటి రావు. రోజూ తెల్లవారుజామున డ్యూటీకి బయలుదేరే నర్సులకీ, ప్లాంట్ షిఫ్టులవాళ్లకీ వింటర్ టైర్లే వేయించుకోమంటాను. వారానికి రెండు రోజులు ఆఫీసుకి వెళ్తూ, స్నో పడితే ఇంటి నుంచే పనిచేసేవాళ్లకి ఆల్‌వెదర్ చాలు.

క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు కార్లకి వింటర్ టైర్లు తప్పనిసరి. మిషిగన్‌లో అలాంటి రూలు లేదు. అందుకే ఇక్కడ ఎవరికివారే నిర్ణయించుకోవాలి, చాలామంది ఖర్చు చూసి వెనక్కి తగ్గుతారు. నిజానికి రెండు సెట్లు ఉంటే ఒకటి అరుగుతున్నంతకాలం ఇంకోటి గరాజ్‌లో విశ్రాంతిగా ఉంటుంది. రెండూ ఎక్కువకాలం వస్తాయి. మీ బండికి 20 అంగుళాల రిమ్ములుంటే, బ్రేకులకి అడ్డం రాకపోతే, 18 అంగుళాల మామూలు రిమ్ముల మీద వింటర్ సెట్ పెట్టించుకోండి. టైరు చవకవుతుంది, పక్కగోడ ఎత్తవుతుంది, స్నో కింద దాక్కున్న గుంతలో పడినప్పుడు రిమ్ము వంగే ప్రమాదం తగ్గుతుంది. వేస్తే నాలుగూ వేయించండి. ముందు రెండే వేయిస్తే బ్రేకు తొక్కినప్పుడు ముందుభాగం ఆగుతుంది, వెనకభాగం పక్కకి తిరిగి ముందుకొస్తుంది. థాంక్స్‌గివింగ్‌కి ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మొదటి స్నో పడిన మర్నాడు టైర్ షాపులో కుర్చీ కూడా దొరకదు.

పాత టైర్లతోనే నెట్టుకొద్దామనుకుంటే ఒక క్వార్టర్ నాణెం తీసుకుని వాషింగ్టన్ తల కిందికి వచ్చేలా ట్రెడ్ గాడిలో పెట్టండి. తల పైభాగం పూర్తిగా కనిపిస్తే లోతు 4/32 అంగుళం కన్నా తక్కువన్నమాట. చట్టం 2/32 వరకు ఊరుకుంటుంది, స్నో ఊరుకోదు. 5/32 దగ్గరికి వచ్చాక నేనైతే ఆ టైర్లతో డిసెంబర్‌లోకి అడుగుపెట్టను. గాలి కూడా చూసుకోండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే టైరులో గాలి ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబర్‌లో సరిగ్గా నింపిన టైరులో జనవరికి ఐదారు పీఎస్ఐ తక్కువుంటుంది. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు ఫ్రేము మీది స్టిక్కర్‌లో ఉంటుంది. పట్టు కోసమని కావాలనే గాలి తగ్గించడం ఇసుకలో పనికొచ్చే చిట్కా, రోడ్డు మీద కాదు.

ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఒక ఉదయం

ఇదొక్కటి మాత్రం తప్పకుండా చేయండి. స్నో పడిన ఆదివారం ఉదయం, ఇంకా ప్లౌ చేయని (స్నో తోసేయని) పెద్ద పార్కింగ్ లాట్‌కి, అక్కడివాళ్లకి అభ్యంతరం లేని చోటికి వెళ్లండి. లైట్ స్తంభాలు, షాపింగ్ కార్టుల కంచెలు, స్నో కింద కనిపించని సిమెంట్ గట్లు ఎక్కడున్నాయో ముందు నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి చూసుకోండి. పిల్లల్ని ఇంట్లోనే వదలండి.

15 మైళ్ల వేగం అందుకుని, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేకు ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. పెడల్ టకటకా కొడుతూ మీ పాదాన్ని వెనక్కి తన్నుతుంది. కింద నుంచి రాయి మీద ఇనుము రాసినట్టు గరగర చప్పుడొస్తుంది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు మెరవొచ్చు. ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు చాలామంది. తీయకండి. అది ఏబీఎస్. చక్రం పూర్తిగా బిగుసుకుపోకుండా సెకనుకి ఎన్నోసార్లు బ్రేకుని వదిలి పడుతోంది. పాత సినిమా డ్రైవర్లలా మీరు పెడల్‌ని పంపు కొట్టక్కర్లేదు. బండి ఆగేదాకా అలాగే నొక్కి ఉంచండి. రెండోసారి బ్రేకు నొక్కి ఉంచి, కొంచెం కుడికి తిప్పి చూడండి. బండి ఆగుతూనే పక్కకి జరుగుతుంది. ఏబీఎస్ ఉన్నది ముఖ్యంగా అందుకే, స్టీరింగ్ మీ చేతిలో ఉండటానికి. లోతైన వదులు స్నోలో ఏబీఎస్ ఉన్న బండి ఆగే దూరం కాస్త పెరగొచ్చు కూడా. బిగుసుకున్న చక్రమైతే ముందు స్నోని కుప్పగా తోసుకుంటూ ఆగుతుంది, ఏబీఎస్ ఆ కుప్ప పేరనివ్వదు. అయినా దిక్కు తప్పకుండా ఆగడమే నాకు ముఖ్యం.

బండిలో స్నో మోడ్ బటన్ ఉంటే ఇదే పని అది పెట్టి చేయండి. కదిలేటప్పుడు తేడా తెలుస్తుంది, గ్యాస్ మెత్తగా అందుతుంది. ఆగేటప్పుడు పెద్ద తేడా కనిపించదు. మీది ఎలక్ట్రిక్ బండి అయితే కాలు గ్యాస్ మీంచి చటుక్కున తీసి కూడా చూడండి. రీజెన్ (కాలు తీయగానే మోటారే బండి వేగం తగ్గించే ఏర్పాటు) ఒక్కసారిగా పట్టుకుని బండి జారినట్టనిపిస్తే, సెట్టింగ్స్‌లో రీజెన్ తగ్గించే వీలుంటే చలికాలానికి తగ్గించుకోండి.

రోడ్డు మీద

అన్నిటికన్నా ఎక్కువగా జారేది సిగ్నల్ ముందున్న చివరి వంద అడుగులు. అందరూ అక్కడే బ్రేకు వేస్తారు, అక్కడే చక్రాలు తిప్పుతూ కదులుతారు. దాంతో స్నో కరిగి, గడ్డకట్టి, అద్దంలా నునుపెక్కుతుంది. కాబట్టి బ్రేకు అంతకు చాలా ముందే, మెత్తగా మొదలుపెట్టి, ఆ నునుపు మీదికి వచ్చేసరికి నడక వేగంలో ఉండండి. లేన్‌లోనే కాస్త పక్కకి జరిగి, ముందు బళ్ల చక్రాలు తొక్కని గరుకు స్నో మీద ఒకవైపు టైర్లు పెడితే ఇంకా బాగా ఆగుతుంది. అప్పుడు బండి పట్టున్న వైపుకి లాగుతుంది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోండి.

మలుపులోకి వెళ్లాక బ్రేకు వేయకండి. టైరుకి ఉన్న కాస్త పట్టూ తిరగడానికి వాడాలో ఆగడానికి వాడాలో ఒకటి ఎంచుకోవాలి. ఎక్స్‌ప్రెస్‌వే దిగే గుండ్రటి రాంపుల మీద గోతిలో కూర్చున్న బళ్లలో ఎస్‌యూవీలకేం తక్కువ ఉండదు. వేగం తిన్నగా ఉన్నచోటే తగ్గించేసి, కాలు బ్రేకు మీంచి తీసి, అప్పుడు తిప్పండి. తిప్పినా బండి తిన్నగానే పోతుంటే ఇంకా తిప్పాలనిపిస్తుంది. తిప్పకండి. స్టీరింగ్ కొద్దిగా వెనక్కి తెచ్చి, గ్యాస్ వదిలేసి, టైరుకి పట్టు దొరికేదాకా ఆగండి. వెనకభాగం జారితే మీరు వెళ్లాల్సిన వైపు చూస్తూ అటే తిప్పండి.

వంతెనల మీద కిందనుంచీ చలిగాలి తగులుతుంది కాబట్టి రోడ్డు కన్నా ముందే గడ్డకడతాయి. నీళ్లు గడ్డకట్టే 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి అటూఇటూ ఉన్న రోజు, 5 డిగ్రీల రోజు కన్నా ఎక్కువ జారుతుంది, ఐస్ మీద సన్నటి నీటిపొర ఉంటుంది కాబట్టి. మరీ చలైతే ఇంకో గొడవ. 15 డిగ్రీల కిందికి దిగాక మామూలు ఉప్పు అంతగా పనిచేయదు, రోడ్డు మీద ఉప్పు కనిపించిందని ధీమా వద్దు. క్రూజ్ కంట్రోల్ ఆపేయండి. ముందు బండికి ఎనిమిది సెకన్ల దూరం ఉంచండి. మధ్యలో ఎవరైనా దూరితే దూరనివ్వండి. 2015 జనవరి 9న ఐ-94 హైవే మీద, కాలమజూ దగ్గర, స్నో గాలిలో 193 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ముందేముందో కనపడనప్పుడు ఎవరి బ్రేకులూ చాలవు. అలాంటి రోజు ఎగ్జిట్ తీసుకుని కాఫీ తాగడమే తెలివి. ఆకుపచ్చ లైట్లు వెలుగుతున్న ప్లౌ ట్రక్కు వెనక పడ్డారంటే అదృష్టమనుకోండి, దాన్ని దాటాలని చూడకండి. దాని ముందున్న రోడ్డు ఇంకా శుభ్రం కాలేదు.

బయలుదేరే ముందు, ఆగిన తర్వాత

పైకప్పు మీది స్నో దులపండి. ఎస్‌యూవీ ఎత్తని బద్ధకించి అద్దాలు మాత్రమే తుడుచుకుని వెళ్తారు. లోపల హీటర్‌కి అడుగుపొర కరిగి, మొదటి గట్టి బ్రేకుకి ఆ దిమ్మంతా ముందు అద్దం మీదికి జారుతుంది. వైపర్లు దాన్ని కదిలించలేవు. పొడవు కర్ర ఉన్న ఫోమ్ బ్రష్ ఒకటి కొనుక్కోండి.

మీ ఇళ్ల కాలనీ (సబ్‌డివిజన్) దాటకముందే, వెనక ఎవరూ లేనప్పుడు, ఒకసారి మెత్తగా బ్రేకు వేసి చూడండి. రాత్రి బ్రేకు డిస్కుల మీద పేరుకున్న పొర పోతుంది, ఆ రోజు రోడ్డు సంగతీ తెలుస్తుంది. లోతు స్నోలోంచి వచ్చాక హైవే మీద స్టీరింగ్ వణికితే వెంటనే మెకానిక్ దగ్గరికి పరిగెత్తకండి. చాలాసార్లు రిమ్ము లోపలివైపు ఒక పక్కనే స్నో గడ్డకట్టి ఉంటుంది. బండి ఆపి, బ్రష్ వెనక కొసతో గీకేస్తే వణుకు పోతుంది. గీకినా పోకపోతే, లేదా బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒకే పక్కకి లాగుతుంటే, చూపించాల్సిందే. ఇక్కడి ఉప్పుకి, బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోవడం మామూలే.

బురద స్నోలో తిరిగొచ్చాక ఇంటి దగ్గర చివరి మలుపులో బ్రేకు రెండు మూడుసార్లు నెమ్మదిగా నొక్కితే ప్యాడ్లు ఆరతాయి, తెల్లారేసరికి డిస్కుకి అతుక్కోవు. ఏప్రిల్‌లో రోజూ 45 డిగ్రీలు దాటడం మొదలయ్యాక వింటర్ టైర్లు తీయించేయండి, ఎండలో ఆ మెత్తటి రబ్బరు చకచకా అరిగిపోతుంది. తీసేటప్పుడు ఏ టైరు ఏ మూలదో సుద్దతో రాసి పెట్టుకుంటే నవంబర్‌లో ముందువి వెనక్కి మార్చి వేయించుకోవచ్చు.